ఒక్క తప్పూ చెయ్యని పడవ

"నువ్వు యానాం వెళ్తున్నావు," అన్నాడు చీఫ్ వెంకటేశ్వరరావు.

ఏజెంట్ సెబాస్టియన్ ముఖం వాడిపోయింది. వియన్నా మిషన్ తనకే వస్తుందని ఆర్నెల్లుగా జర్మన్ నేర్చుకుంటున్నాడు. నల్ల సూటు కూడా కుట్టించుకున్నాడు.

"యానాం మా ఊరు సార్."

"అందుకే."

ఢిల్లీలో బోర్డు లేని ఆ భవనంలో, కిటికీలు లేని ఆ గదిలో చీఫ్ రిమోట్ నొక్కాడు. గోడ మీద బంగాళాఖాతం మ్యాప్ వెలిగింది. దాని నిండా పచ్చ చుక్కలు.

"ఇవన్నీ వేట పడవలు. ప్రతి పడవకీ ఒక ట్రాన్స్‌పాండర్ డబ్బా ఇచ్చాం. పడవ ఎక్కడుందో ఆ డబ్బా నిమిషానికోసారి సర్వర్‌కి చెబుతుంది. సర్వర్ మనకి చెబుతుంది. మన పడవైతే పచ్చ చుక్క. గుర్తు తెలియనిదైతే ఎర్ర చుక్క. గస్తీ వాళ్ళు ఈ మ్యాప్ చూసే కదులుతారు. సర్వర్ యానాంలో ఉంది. అప్లికేషన్ పేరు తీరరక్ష."

"దాన్నెవరు కెలికారు?"

"విదేశీ ముఠా. మనం పెట్టిన పేరు నల్లసొర. రేపు మన గ్యాస్ ప్లాట్‌ఫారం కింద బాంబు పెట్టడానికి వాళ్ళ బోటు వస్తోంది. గస్తీని ఎలా దాటుతుంది? మన సర్వరే దాన్ని మన పడవే అని చూపిస్తుంది. సర్వర్ని నడిపే స్క్రిప్టులో ఏదో దూర్చారు. కనిపెట్టు. తీసెయ్."

"దానికి ప్రోగ్రామర్ కావాలి సార్. నేను ఏజెంట్‌ని."

"నీ సర్వీసు ఫైల్లో పీహెచ్‌పీ ప్రోగ్రామింగ్ తెలుసని ఉంది."

సెబాస్టియన్ పళ్ళు కొరుక్కున్నాడు. ఉద్యోగంలో చేరేటప్పుడు అప్లికేషన్‌లో ఆ గడి ఖాళీగా ఉంటే బాగుండదని రాసిన ముక్క అది.

"పోనీ సర్వర్ ఆపేస్తే?"

"ఏది ఎవరి పడవో చెప్పేదెవరూ ఉండక చుక్కలన్నీ ఎర్రబడతాయి. వేటకి వెళ్ళిన ప్రతివాడూ శత్రువైపోతాడు. ఆపడానికి వీల్లేదు." చీఫ్ ఒక పెట్టె తెరిచాడు. "ఈ పెన్నులో బ్లేడు ఉంది. ఇది దొంగమీసం. ఇది ఇయర్‌పీస్, చెవి పక్క మాటే అందుకుంటుంది. దీంట్లో నేనుంటాను."

"ఎప్పుడుంటారు సార్?"

"ఎప్పుడూ. అక్కడ మన మనిషి ఒకామె కలుస్తుంది. పేరు ప్రసన్న. నువ్వు 'పులస వచ్చిందా?' అని అడుగు. ఆమె 'ఎర్రనీళ్ళు రావాలి కదండీ' అంటుంది. ఈ మాట నీకూ నాకూ ఆమెకీ తప్ప నాలుగో మనిషికి తెలీదు."

మరునాడు పొద్దున్నే సెబాస్టియన్ రాజమండ్రిలో విమానం దిగి, కారులో యానాం చేరాడు. ఆషాఢం ఉక్క. మీసం కింద చెమట కారుతోంది. గోదారి గట్టు మీద టీ కొట్టు దగ్గర, చెప్పిన చోటే, నల్లకళ్ళద్దాల మనిషి ఒకాయన నిలబడి ఉన్నాడు. ప్రసన్న తన బదులు ఎవరినైనా పంపిందేమోనని సెబాస్టియన్ పక్కకి చేరాడు.

"పులస వచ్చిందా?"

"ఎర్రనీళ్ళు రావాలి కదండీ," అన్నాడాయన.

సెబాస్టియన్ గొంతు తగ్గించాడు. "ప్రసన్న పంపారా?"

"ఏ ప్రసన్నండీ? నేను కనకాలపేట నుంచి కళ్ళాపరేషనుకొచ్చేను."

టీ కొట్టాయన గ్లాసు అందిస్తూ, "ఎర్రనీళ్ళు రాకుండా పులసెక్కడొస్తాదండీ?" అన్నాడు. సైకిలు మీద పోతున్నవాడు కాలు నేలకానించి మరీ అదే మాట అన్నాడు. చేపల తట్ట దించుకున్న ఒక ముసలమ్మ అయితే ఏ యేడు ఎర్రనీళ్ళు ఎప్పుడొచ్చాయో మొదలుపెట్టి వదల్లేదు. గోదారికి వరద ఎర్రనీళ్ళు వస్తేనే పులస చేప ఎదురెక్కుతుంది. ఈ నెలలో ఈ ఊళ్ళో ఎవరిని ఆ ప్రశ్న అడిగినా ఇంకో జవాబు ఉండదని, ఢిల్లీలో కూర్చుని కోడ్ వర్డ్ కట్టిన మహానుభావుడికి తట్టలేదు. మాటలన్నీ అయ్యాక ఆ ముసలమ్మ సెబాస్టియన్ ముఖంలోకి తేరిపార చూసింది.

"ఫిలోమినమ్మ చిన్నోడివి కదూ? కంప్యూటర్లు బాగుచేస్తావంట ఢిల్లీలో. ఆ మీసమేంటి నాయనా, నీకు నప్పలేదు."

"సిట్యుయేషన్ ఏంటి?" అని చెవిలో చీఫ్ గొంతు మోగింది.

సిట్యుయేషన్ చెప్పుకునేలా లేదు.

అప్పుడు తెల్లకారు ఒకటి ఆగింది. దిగిన మనిషిని చూసి టీ కొట్టాయన చక్కెర రెండుసార్లు వేశాడు. సముద్రం రంగు పట్టుచీర, నెత్తిమీదకి తోసిన కళ్ళద్దాలు, గట్టు మీది చేపల వాసనని కూడా ఓడించే సెంటు.

"ఎర్రనీళ్ళు రావాలి కదండీ," అంది ప్రసన్న, అడక్కుండానే.

"ఊరు సగం ఆ మాటే అంది. గుర్తింపు కార్డు చూపించండి," అన్నాడు సెబాస్టియన్ విసుగ్గా.

ఆమె నవ్వి కార్డు చూపించింది. పైకి ఆమె తీరప్రాంత అభివృద్ధి కన్సల్టెంటు. ఫరంపేటలో గెస్ట్‌హౌస్‌లో ఉంటోంది. తీరరక్ష ఆఫీసులో వచ్చీపోయేంత చనువు సంపాదించింది. ఇన్ని తెలిసిన మనిషి సర్వర్ సంగతి తానే ఎందుకు చూడలేదని సెబాస్టియన్ అడగాల్సింది. అడగలేదు. ఆ సెంటు వాసనకి ఎవరికీ ప్రశ్నలు గుర్తురావు.

తీరరక్ష ఆఫీసంటే ఒక మేడ మీద రెండు గదులు. ఒకదాంట్లో సర్వరు, దాని మీద ఫ్యాను. ఇంకోదాంట్లో ఆపరేటర్ సాయిదివ్య. ఆ పిల్ల సెబాస్టియన్‌ని చూడగానే లేచి నిలబడింది.

"పాండిచ్చేరి నుంచొచ్చిన టెక్నీషియన్ని. పేరు రామనాథం," అన్నాడు సెబాస్టియన్.

"ఆయ్. మీరు దరియాలతిప్ప లూయిస్ గారి తమ్ముడు కదండీ?"

సెబాస్టియన్ మీసం పీకి జేబులో పెట్టుకున్నాడు. "ఏంటి సమస్య? చెప్పమ్మా."

"సమస్యేం లేదండి. మ్యాప్ రాదంతేనండి."

మ్యాప్ రాకపోవడం సమస్య కాని ఆఫీసులో అతను కుర్చీ లాక్కున్నాడు. బ్రౌజర్లో తెల్లటి పేజీ, మధ్యలో ఐదువందల నంబరు ఎర్రర్. కమాండ్ లైన్ తెరిచి ఎర్రర్ లాగ్ చూద్దామంటే, ఆ లాగే డిస్క్ అంతా తినేసి కూర్చుంది. పాత ఎర్రర్ లాగులు తుడిచాడు. తెల్ల పేజీ పోయి పడవల పేర్లూ అంకెలూ ఉన్న పట్టిక వచ్చింది. మ్యాప్ మాత్రం రాలేదు.

"రిపోర్ట్," అన్నాడు చీఫ్ చెవిలో.

"పని జరుగుతోంది సార్."

ట్రాక్ అనే స్క్రిప్టు దొరికింది. మొదటి నుంచి చివరి దాకా చదివాడు. నల్లసొర కాదు కదా, నల్లచీమ కూడా లేదు. ఎంతకీ నమ్మకం కుదరక దాని నెత్తి మీద ఒక లైను రాయబోయాడు. పీహెచ్‌పీలో ప్రతి వాక్యం చివరా సెమీకోలన్ పెట్టాలి. కీబోర్డులో సెమీకోలన్ మీట పనిచెయ్యదు.

"దీనికేమైంది?"

"మొన్న కాఫీ పడిందండి. మేం దాంతో పనుంటే ఇంకో చోట నుంచి కాపీ చేసుకుంటామండి."

దేశంలోకెల్లా రహస్యమైన ఏజెన్సీలో శిక్షణ పొందిన సెబాస్టియన్, పాత ఫైల్లోంచి ఒక సెమీకోలన్ని కాపీ చేసి తెచ్చి అతికించాడు. బ్లేడు పెన్ను జేబులోనే ఉంది. దాంతో గొంతులు కొయ్యొచ్చు గానీ సెమీకోలన్లు రావు.

అతను రాసిన లైను పనల్లా స్క్రిప్టుని మొదట్లోనే చంపేసి "ఆగిపో" అనడం. పేజీ రిఫ్రెష్ చేశాడు. పట్టిక హాయిగా వచ్చింది. వెబ్ సర్వర్ని రీస్టార్ట్ చేశాడు. పట్టిక వచ్చింది. క్యాష్ తుడిచాడు. పట్టిక వచ్చింది. లైను తీసి మళ్ళీ రాశాడు. ఫైలంతా ఖాళీ చేసేశాడు. అప్పుడూ పట్టిక వచ్చింది, కొత్త అంకెలతో సహా. చచ్చిన స్క్రిప్టు అలా బతికి పలుకుతుంటే సెబాస్టియన్‌కి తల ప్రాణం తోకకొచ్చింది. లేచి గోడని ఒక్క తన్ను తన్నాడు. కాలికి దెబ్బ తగిలింది.

"నాన్సెన్స్! ఏం జరుగుతోందక్కడ?" అన్నాడు చీఫ్.

"స్క్రిప్టు లేదు సార్. అయినా నడుస్తోంది."

"లేకుండా ఎలా నడుస్తుంది? సరిగ్గా చూడు."

సరిగ్గా చూడు అనేవాడంటే సెబాస్టియన్‌కి ఆ క్షణంలో ఉన్న కోపం నల్లసొర మీద కూడా లేదు. మళ్ళీ కూర్చుని, ఏ ప్రాసెస్ నడుస్తోందో జాబితా తీశాడు. అప్పుడు దొరికింది. నడుస్తున్నది ట్రాక్ కాదు. ఎక్కడో నాలుగు ఫోల్డర్ల లోపల ట్రాక్ న్యూ ఉంది, ట్రాక్ న్యూ ఫైనల్ ఉంది, ట్రాక్ న్యూ ఫైనల్ టూ ఉంది. నిమిషానికోసారి క్రాన్ అనే అలారం లేపి నడిపిస్తున్నది ఆ చివరిదాన్ని. పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఏమిటో అతనికి తెలిసొచ్చింది.

"ఇదెవరు పెట్టారమ్మా?"

"ఓహో, అలాంటిదొకటుందాండీ? పాత కాంట్రాక్టరు పెట్టుంటాడండి. ఆయన దుబాయ్ ఎల్లిపోయేడు," అంది సాయిదివ్య.

ఫైలు తెరిచాడు. మధ్యలో, మిగతా కోడ్‌కి సంబంధం లేని చక్కటి పొందికతో, కొత్త లైన్లు. మధ్యాహ్నం మూడు దాటాక రెండు డబ్బాల పేర్లు తారుమారు చెయ్యి. నల్లసొర బోటులోని దొంగ డబ్బా పలికితే దానికి ఫలానా యానాం పడవ పేరు పెట్టు. ఆ యానాం పడవ డబ్బా పలికితే గుర్తు తెలియనిది అని చూపించు. ముఠా బోటు పచ్చ చుక్కై ప్లాట్‌ఫారం దాకా వెళ్ళిపోతుంది. దాని బదులు ఒక అమాయకుడు ఎర్ర చుక్కై గస్తీ తుపాకులకి ఎదురు నిలబడతాడు.

సెబాస్టియన్ ఆ అమాయకుడి రిజిస్ట్రేషన్ నంబరు చూశాడు. ఇంకోసారి చూశాడు. ఆ నంబరుకి నీలం పెయింటు వేసింది తనే. పక్కనే సిలువ గుర్తు కూడా వేశాడు.

అది లూయిస్ పడవ. అన్నయ్య పడవ.

తండ్రి పోయాక పదో తరగతి పరీక్షలు మానేసి వల పట్టిన అన్నయ్య. తమ్ముడి చదువు ఆగకూడదని తన పెళ్ళి వాయిదా వేసుకున్న అన్నయ్య. ఆ అన్నయ్యకి తాను ఇన్నేళ్ళుగా కంప్యూటర్లు బాగుచేస్తానని అబద్ధం చెబుతున్నాడు. గోడ గడియారం మూడుకి దగ్గర పడుతోంది.

ఆ లైన్లు చెరిపి సేవ్ కొట్టాడు. అనుమతి లేదంది. రూట్ యూజర్‌గా మారాడు. సర్వర్లో రూట్‌ని మించిన వాడు ఉండడు. అయినా అనుమతి లేదంది. ఫైలు గుణాలు తీసి చూస్తే దానికి మార్చడానికి వీల్లేకుండా తాళం పడి ఉంది. తాళం తీసే కమాండ్ ఒకటుంది. అది కొట్టాడు. అలాంటి కమాండే లేదంది సర్వర్. ఎవరో తాళం వేసి, తాళంచెవిని గోదాట్లో పారేసినట్టు ఆ కమాండ్‌నే పీకేశారు. క్రాన్‌కీ అదే తాళం. దొంగప్రాసెస్‌ని చంపితే నిమిషంలో ఇంకోటి లేచి కూర్చుంటోంది. తాళంచెవి డౌన్‌లోడ్ చేద్దామంటే ఫోన్లో డేటా అందడం లేదు, ఆఫీసు ఇంటర్నెట్ లేదు.

"పొద్దున్న నుంచీ లేదండి. ఢిల్లీ లైనొక్కటే పనిచేస్తోందండి," అంది సాయిదివ్య.

సెబాస్టియన్ కీబోర్డుని గుద్దాడు. సెమీకోలన్ మీట ఊడి కిందపడింది. పోయిందనే ఏడుపు కూడా రాలేదు, అదెలాగూ చచ్చిందే.

ఎవరు చేశారు? ఎవరెప్పుడు లాగిన్ అయ్యారో చూశాడు. నిన్న సాయంత్రం, ఈ పొద్దున. రెండుసార్లూ ఫరంపేట గెస్ట్‌హౌస్ వైఫై నుంచి. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. సెంటు వాసన గది గుమ్మం దాకా వచ్చింది.

"సాయిదివ్యా, కాస్త టీ తెచ్చిపెడతావా?" అంది ప్రసన్న. ఆ పిల్ల వెళ్ళాక తలుపు గడియ వేసి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న పిస్తోలు తీసింది. "ఫోను ఇలా ఇవ్వండి."

ఇచ్చాడు. పెన్ను కూడా తీసుకుంది. చెవిలో ఉన్న మినపగింజంత ఇయర్‌పీస్ మాత్రం ఆమెకి కనబడలేదు.

"మీరు మన మనిషి కదా!"

"ఢిల్లీ మనిషినే. వాళ్ళ మనిషిని కూడా. రెండు ఉద్యోగాలు చేసుకోకపోతే ఈ రోజుల్లో గడవడం కష్టం." ఆమె స్టూలు మీద కూర్చుని కాలు మీద కాలు వేసుకుంది. "మీరు టైపు చేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ ఫైలు మారదు."

"ఇన్ని పడవలుండగా మా అన్నయ్య పడవే దొరికిందా?"

"మీ అన్నయ్యా? అయ్యో, నిజంగా తెలీదండీ. డేటాబేస్‌ని అడిగాను. ఎప్పుడూ హద్దు దాటని, ఎప్పుడూ డబ్బా ఆపని పడవ ఏదని. అలాంటి పేరు మీద ఎవరికీ అనుమానం రాదు కదా. ఒక్కటంటే ఒక్కటే వచ్చింది. ఇంత క్రమశిక్షణ గల మత్స్యకారుణ్ణి నేనెక్కడా చూడలేదు."

గడియారం మూడు కొట్టింది. చెవిలో చీఫ్ కేక పెట్టాడు.

"ఎర్ర చుక్క! గోదావరి మొగ దగ్గర! దొరికాడు నల్లసొర!"

"అది నల్లసొర కాదు సార్! మా అన్నయ్య!" అని సెబాస్టియన్ అరిచేశాడు.

"సార్ ఎవరు? నన్నేనా?" అంది ప్రసన్న.

"ఏజెంట్, మ్యాప్ చెప్పేదానికి నువ్వు చెప్పేదానికి పొంతన లేదు. ఆధారం ఉంటే పంపు. సొంత అన్నయ్య కోసం ఆపరేషన్ ఆపమన్నావని రికార్డులోకెళ్తుంది. హెలికాప్టర్ బయల్దేరింది. కనబడగానే కాల్చమని ఆర్డర్."

"ఆధారం ఇక్కడ తెర మీద ఉంది, ఇంటర్నెట్ లేదు, ఎలా పంపమంటారు, గాడిదగుడ్డు!" అని అరవాలనుంది. ఎదురుగా పిస్తోలు ఉంది. గోదారి సముద్రంలో కలిసే ఆ మొగలో అన్నయ్య వల లాగుతుంటాడు. హెలికాప్టర్ చూసి సంబరపడి చెయ్యి ఊపుతాడు. సెబాస్టియన్ కళ్ళు తుడుచుకుని తెరకేసి తిరిగాడు. రాయడానికి వీల్లేదు, సరే. చదవడానికి అడ్డమెవరు? పొద్దున్న నుంచీ కోడ్‌తో కుస్తీ పట్టాడే గానీ, వస్తున్న డేటాని ఒక్కసారి కూడా చూడలేదు.

డబ్బాల లాగ్ తోక పట్టుకున్నాడు. డబ్బాలు పంపే అంకెలు నిమిషానికో వరసగా రాలుతున్నాయి. అక్షాంశం, రేఖాంశం. మిగతా పడవల అంకెలు అటూ ఇటూ ఊగుతున్నాయి. లూయిస్ డబ్బా అంకెలు ఊగడం లేదు. గ్రెప్ కొట్టి ఆ ఒక్క నంబరు మాత్రం ఏరాడు. పొద్దున అవే అంకెలు. నిన్న అవే. పోయిన నెలలో అవే. లంగరేసిన ఓడ కూడా కెరటానికి కాస్త కదులుతుంది. సముద్రం మీద ఏదీ ఇంత కుదురుగా ఉండదు. ఒక్క తప్పూ చెయ్యని పడవట!

సెబాస్టియన్ మెల్లగా ప్రసన్న వైపు తిరిగాడు.

"ఎలాగూ మా అన్నయ్య పోతున్నాడు. మా అమ్మతో ఒక్క మాట మాట్లాడనివ్వండి."

ప్రసన్నకీ అమ్మ ఉండే ఉంటుంది. అతని ఫోనులోనే నంబరు నొక్కి స్పీకర్ పెట్టింది. "తెలివితేటలొద్దు."

"అమ్మా..."

"నోరు ముయ్యి ఎదవా! ఊళ్ళోకొచ్చి ఇంటికి రాకుండా దొంగమీసం ఎట్టుకుని తిరుగుతున్నావంట! తట్ట దింపక ముందే మీ అత్త వచ్చి చెప్పింది. తలెత్తుకోలేక చచ్చేను!"

"అమ్మా, అన్నయ్య ఎక్కడ?"

"ఏటకెల్లేడు. ఇంకెక్కడికెల్తాడు?"

"అన్నయ్య డబ్బా ఎక్కడుంది?"

"ఏ డబ్బా?"

"గవర్నమెంటు వాళ్ళిచ్చిన డబ్బా అమ్మా. పడవకి కట్టుకోమన్న డబ్బా."

"అదా? బియ్యం డ్రమ్ము మీదుంది. ఎప్పుడూ అక్కడే ఉంటాది. ప్లగ్గు మాత్రం తియ్యొద్దన్నాడు. అది పట్టుకెల్తే, ఆడు ఎక్కడ వలేస్తున్నాడో ఆఫీసోళ్ళకి తెలుస్తాదంట, ఆఫీసోళ్ళకి తెలిస్తే ఊరందరికీ తెలుస్తాదంట. మంచి చోటు దొరికితే ఎవడు చెప్పుకుంటాడ్రా? ఒరేయ్, ఇదేంట్రా... ఇమానం ఇంటి మీదకొచ్చేస్తంది! ఆరేసిన చేపలన్నీ ఎగిరిపోతన్నాయి!"

ఫోనులో హెలికాప్టర్ మోత గది అంతా నిండింది. చీఫ్ ముందున్నది బంగాళాఖాతం మొత్తం పట్టే మ్యాప్. అందులో మొగ పక్కనున్న వాళ్ళ దరియాలతిప్ప ఆవగింజంత కూడా ఉండదు. అక్కడ చుక్క సముద్రంలో ఉందో వంటింట్లో ఉందో ఢిల్లీకి ఎలా తెలుస్తుంది?

"సార్!" సెబాస్టియన్ పిస్తోలుని మర్చిపోయి లేచి నిలబడ్డాడు. "ఆ ఎర్ర చుక్క మా అమ్మ వంటిల్లు! ఏ దేశం ఓడా మా వంటింట్లో పట్టదు! ప్లాట్‌ఫారం పక్కన పచ్చ చుక్క ఒకటుంటుంది, లూయిస్ పేరుతో. నల్లసొర అదే!"

పొద్దున్న నుంచీ చెవిలో మోగిన గొంతు, కావాల్సినప్పుడు మూగబోయింది. ఫోనులో ఫిలోమినమ్మ మాత్రం ఎవర్నో తిడుతోంది. "ఎవుడ్రా నువ్వు, ఆ తుపాకేంటి? చెప్పులతో లోపలికొచ్చేస్తావా?"

"సార్!"

"హోల్డ్ ఫైర్," అన్నాడు చీఫ్. తర్వాత గట్టిగా, ఇంకెవరితోనో, "హోల్డ్ ఫైర్! అది ఇల్లు! కమాండోల్ని వెనక్కి పిలవండి. గస్తీ నౌక ప్లాట్‌ఫారం వైపు తిరగాలి. ఆ పచ్చ చుక్కని పట్టుకోండి!"

ప్రసన్న చెవులు రిక్కించి వింది. ఇయర్‌పీస్ ఎక్కడుందో ఇప్పుడు ఆమెకి అర్థమైంది. ఓడిపోయిన ఆట చూడగానే తెలుసుకునే మనిషి. పిస్తోలు బ్యాగులో పెట్టుకుంది. కొంగు సర్దుకుంది. సెబాస్టియన్ చెవి దగ్గరికి వంగి తియ్యగా పలికింది.

"ఏజెంట్ ప్రసన్న రిపోర్టింగ్ సార్. బోటులో నలుగురు. ఇద్దరు ఈతగాళ్ళు. బాంబు ఎడమవైపు పెట్టెలో ఉంది. నేను మొదటి నుంచీ మీ వైపే."

"మొదటి నుంచీనా?" అన్నాడు సెబాస్టియన్.

"మొదలు ఎక్కడ పెట్టుకోవాలన్నది మన ఇష్టం కదండీ."

గస్తీ నౌక చేరేసరికి ఈతగాడు ఒక కాలు నీళ్ళలో పెట్టి ఉన్నాడు. బాంబు చేతిలోనే ఉంది. రెండో కాలు నీళ్ళలో పెట్టనివ్వలేదు. ఆ కబురు చెవిలో పడ్డాక సెబాస్టియన్ తన బెల్టులోంచి బేడీలు తీశాడు.

"ఒక చేతికి వేస్తే చాలదా?" అంది ప్రసన్న నవ్వుతూ.

"రెండు వైపులా పనిచేశారుగా. రెండు చేతులకీ వెయ్యాలి." కిటికీ ఊచ చుట్టూ తిప్పి బిగించి, పిస్తోలున్న బ్యాగు లాక్కున్నాడు.

తలుపు కొడితే గడియ తీశాడు. సాయిదివ్య టీ గ్లాసులతో నిలబడి ఉంది. బేడీలు చూసి ఒక గ్లాసు వెనక్కి తీసుకుంది. తర్వాత తెరకేసి చూసింది.

"మరి మ్యాప్ ఎప్పుడొస్తాదండీ?"

సెబాస్టియన్ ఆ ప్రశ్నకి జవాబు చెప్పకుండా మెట్లు దిగి పరిగెత్తాడు.

దేశం గట్టెక్కింది, బాగానే ఉంది. అన్నయ్య ఎక్కడ? డబ్బా వంటింట్లో ఉంటే మనిషి ఎక్కడున్నాడో చెప్పే మ్యాప్ లేదు, సర్వర్ లేదు, స్క్రిప్టు లేదు. ఆ సముద్రం మీదే బాంబులతో ఒక ముఠా తిరిగింది. దారిలో ఎదురుపడ్డ పడవని బతకనిచ్చేవాళ్ళా? సెబాస్టియన్ గట్టు మీద నిలబడి, వచ్చే ప్రతి పడవ ముక్కూ చూశాడు. ఒక్కొక్కటే వచ్చింది. నీలం పెయింటుది రాలేదు. "రిపోర్ట్," అంది చెవి. ఇయర్‌పీస్ తీసి గోదాట్లోకి విసిరేశాడు. పొద్దున్న నుంచీ చేసిన పనుల్లో మనశ్శాంతినిచ్చినది అదొక్కటే.

పొద్దు వాలుతుండగా ఇంజను చప్పుడు వినబడింది. నీలం పడవ. సిలువ గుర్తు. లూయిస్ చుక్కాని దగ్గర నిలబడి బీడీ కాలుస్తున్నాడు. పడవ నిండా చేపలు. ఇంకా ఒడ్డుకి తగలకముందే సెబాస్టియన్ మోకాలి లోతు నీళ్ళలోకి దిగిపోయాడు. అన్నయ్యని గట్టిగా కావలించుకున్నాడు. ఆ తర్వాత అంతే గట్టిగా వీపు మీద ఒకటిచ్చాడు. ఏడుపు ఆగలేదు.

"ఏంట్రా? ఎప్పుడొచ్చేవ్? అమ్మకి ఏమైనా అయ్యిందా?" అన్నాడు లూయిస్ కంగారుగా.

"ఏం కాలేదు. ఇంటి మీద చేపలు ఎగిరిపోయాయంతే. ఎక్కడికెళ్ళావ్ అన్నయ్యా? ఇంతసేపూ ఎక్కడున్నావ్?"

లూయిస్ ఎడమవైపు చూశాడు. కుడివైపు చూశాడు. పక్క పడవల వాళ్ళు దూరంగా ఉన్నారని రూఢి చేసుకున్నాడు. సెబాస్టియన్ చెవి ఒగ్గి దగ్గరికి జరిగాడు. అణు జలాంతర్గాములు ఎక్కడ దాగుంటాయో అతనికి తెలుసు. నాలుగు దేశాల రాయబారుల రహస్యాలు అతని తలలో ఉన్నాయి. ఒక్కటి కూడా ఇంతవరకు బయటపడలేదు.

లూయిస్ బీడీ నీళ్ళలో పారేసి, చేపల తట్ట తమ్ముడి నెత్తికెత్తాడు.

"పద పద. నీకు చెప్పేనంటే అయిపోయినట్టే. నీ నోట్లో నువ్వుగింజ నానదు."